ఒంటి నీరసానికీ, తలపోటుకూ వేరు ఎక్కడ?



ఈ పూట విత్తనాల గురించీ ఎరువుల గురించీ కాక, సేద్యం చేసే మనిషి ఒంటిని గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. నేను వైద్యుణ్ణి కాను. వ్యవసాయ డిప్లమా చదివి, చేలగట్ల మీద తిరిగే విస్తరణోద్యోగిని. మందు రాసి యివ్వడం నా పని కాదు. అయితే చేనుకూ, నీటికీ, పురుగుమందుకూ, ఎలుకకూ మన ఒంటితో వున్న సంబంధం చెప్పడం మాత్రం నా పనిలోనిదే.

మన డెల్టా గ్రామాలలో తరచు వినబడే మాట ఒకటున్నది. "పెద్ద జబ్బేమీ లేదండీ, ఒంట్లో ఓపిక వుండడం లేదు. తల ఒకటే పోటు." పొద్దున లేస్తూనే ఒళ్లు బరువు. ఒక మునుము నాటేసరికి నడుము కూలబడుతుంది. సాయంత్రానికి కణతలు అదురుతవి. దుకాణంలో ఒక బిళ్ల కొని వేసుకొంటారు. మర్నాడు మళ్లీ అదే తంతు. ఇట్లా నెలలు గడచిపోతవి. మగవాడికైతే పనిదొంగ అని పేరు వస్తుంది. ఆడమనిషికి ఆ పేరు కూడా రాదు, ఆమె ఎవరికీ చెప్పదు గనుక.

నీరసము, తలనొప్పి అనేవి చాలామట్టుకు జబ్బు కాదు, జబ్బు ఆనవాళ్లు. వరి ఆకు పసుపురంగుకు తిరిగితే మనమేమి చేస్తాము? అది నత్రజని లోపం కావచ్చు, జింకు లోపం కావచ్చు, మురుగు దిగక వేరు చెడిపోవడం కావచ్చు, టుంగ్రో తెగులు కావచ్చు. తెలిసిన రైతు వెంటనే యూరియా బస్తా విప్పడు. ఎప్పుడు మొదలైనది? మడి అంతటా వున్నదా, పల్లంలోనేనా? పక్క చేనుకు కూడా వచ్చినదా? ఈ సంగతులు చూచుకొన్న తరువాతనే మందు మాట. ఒంటి నీరసానికీ అదే పద్ధతి. ఎప్పుడు వచ్చినది, ఎక్కడ వచ్చినది, ఎవరెవరికి వచ్చినది అనే మూడు ప్రశ్నలు దయచేసి గుర్తుంచుకోండి. నేను చెప్పబోయేదంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

ఈ ప్రశ్నల విలువ ఏమిటో మన ఏలూరు పట్టణమే చూపించినది. 2020 డిసెంబరు 5వ తేదీన ఏలూరు వన్‌టౌనులో మనుషులు వున్నట్టుండి పడిపోయినారు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు, ఫిట్సు. కొద్దిరోజులలో అయిదు వందలమందికి పైగా ఆసుపత్రికి చేరినారు. చాలామంది త్వరగానే కోలుకొని యింటికి వెళ్లినారు, కాని ఒక ప్రాణం పోయినది. అవి కరోనా రోజులు గనుక అందరి అనుమానమూ ముందు అటే పోయినది. పరీక్షలలో అది కాదని తేలినది. ఇంట్లో ఒకరికి వచ్చి మిగిలినవారికి రాకపోవడం చూచి, ఇది మనిషినుండి మనిషికి అంటుకొనే జబ్బు కాదని వైద్యులు గ్రహించినారు. ఢిల్లీ ఎయిమ్సు వారు రోగుల రక్తంలో సీసము, నికెలు లోహాల జాడ వున్నదని చెప్పినారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పురుగుమందుల అవశేషాలు పట్టుకొన్నారు. ఈ అవశేషాలే ముఖ్య కారణం కావచ్చునని నిపుణులు ఆ నెలలోనే ప్రభుత్వానికి తెలియజేసి, అవి ఒంట్లోకి ఏ దారిన చేరినవో తేల్చడానికి ఇంకా పరిశోధన కావాలన్నారు.

ఏలూరులో ఒక్కసారిగా, వందలమందికి వచ్చినది గనుక దేశమంతా కదిలినది. అదే సంగతి పదిమంది కూలీలకు, మెల్లమెల్లగా, ఏడాది పొడుగునా జరిగితే ఎవరు చూస్తారు? మనమే చూచుకోవాలి.

కారణాలను రెండు కుప్పలుగా పెట్టుకొందాము. ఒకటి, సూక్ష్మజీవులవల్లా పురుగులవల్లా వచ్చేవి. రెండు, మన పరిసరాలనుండీ మనం చేసే పనినుండీ వచ్చేవి.

మొదటి కుప్పలో ముందుగా చెప్పవలసినది ఎలుక జ్వరము. వైద్యులు దీనిని లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుక మూత్రంలో దీని సూక్ష్మజీవి బయటికి వస్తుంది. పశువులు, పందులు, కుక్కల మూత్రంలో కూడా రావచ్చు. తడినేలలో, నిలవనీటిలో అది కొన్ని వారాలపాటు బ్రతుకుతుంది. ఎండిన చోట చస్తుంది. మన సార్వా మడిని తలచుకోండి. మోకాలిలోతు బురద, గట్టునిండా ఎలుక బొరియలు, నాటేవారి కాళ్లకు చీలికలు, వేళ్ల మధ్య ఒరుపు. సూక్ష్మజీవికి తలుపు తీసిపెట్టినట్లే. లోపలికి పోయిన తరువాత సాధారణంగా ఒకటి రెండు వారాలకు జ్వరము, తీవ్రమైన తలనొప్పి, కళ్లు ఎర్రబడడం, అన్నిటికంటె ముఖ్యంగా పిక్కలు పట్టుకొంటే ఓర్వలేని నొప్పి వస్తవి. కొందరికి కామెర్లు వచ్చి మూత్రపిండాలు దెబ్బతింటవి, ప్రాణానికే ముప్పు. త్వరగా వెళితే నయమయ్యే జబ్బు యిది. "నాట్లకు పోయి వచ్చిన పది రోజులకు జ్వరం వచ్చిందండీ" అనే ఒక్కమాట మీరు చెబితే వైద్యునికి సగం దారి తెలుస్తుంది. జ్వరం తగ్గిన తరువాత కూడా కొందరికి వారాలు, నెలలు నీరసం వదలదు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. వరి రైతుకు ఆ సామెత పనికిరాదు. మనం అడుసు తొక్కక తప్పదు, కాలు కడగకా తప్పదు. మడిలోనుండి వచ్చిన వెంటనే మంచినీటితో, సబ్బుతో కాళ్లు చేతులు కడిగి పొడిగా తుడుచుకోండి. పుండు వుంటే నీరు దిగని పట్టీ వేసుకొని దిగండి. పశువుల కొట్టం మురుగు త్రాగునీటి వైపుకు రానీయకండి.

ఇక ఎలుక. ఒక్క రైతు ఎలుకల మందు పెడితే పక్క చేలోనుండి మళ్లీ వస్తవి. ఊరంతా కలిసి ఒకే రోజున, పైరు చిన్నదిగా వున్నప్పుడే పెట్టాలి. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమోడయోలోన్ కలిపి, పొట్లాలు కట్టి, ఎలుక వున్న బొరియలో పెట్టడం మా శాఖ చెప్పే పద్ధతి. చేతికి తొడుగు లేకుండా కలపవద్దు. పిల్లలకు, పశువులకు, కోళ్లకు అందనీయవద్దు. గట్లు సన్నగా, గడ్డి లేకుండా వుంచండి. మన డెల్టాలో ఎలుక బుట్టలు పెట్టే పనివాళ్లు అనాదిగా వున్నారు. వారిని పిలిపించండి. చచ్చిన ఎలుకను వట్టిచేత్తో ఎత్తక, లోతుగా పాతిపెట్టండి. ఇది గింజలు కాపాడే పని మాత్రమే అనుకోకండి, మనిషిని కాపాడే పని కూడాను.

రెండవది స్క్రబ్ టైఫస్ జ్వరము. పొదలలో, ఎత్తు గడ్డిలో వుండే నల్లివంటి అతి చిన్న పురుగు కుట్టడంవల్ల వస్తుంది. జ్వరము, తలనొప్పి, ఒళ్లు నొప్పులు. కొందరికి కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పక్కు కడుతుంది. అది చంకలోనో, గజ్జలోనో, రవిక మాటునో వుంటుంది గనుక మనం చూడము, సిగ్గుతో చెప్పము. పక్కు కనబడితే వైద్యునికి తప్పక చూపించండి. రంపచోడవరం, చింతూరు వైపు ఏజెన్సీకి పోయి వచ్చినవారు చలిజ్వరం, తలపోటు వస్తే మలేరియాకు రక్తపరీక్ష చేయించుకోవాలి.

మూడవది జ్వరం లేని శత్రువు, కొంకి పురుగు. బహిర్భూమికి వాడిన నేలలో దీని పిల్లలు వుండి, వట్టి పాదం చర్మంగుండా లోపలికి పోతవి. పేగును పట్టుకొని చుక్కచుక్కగా రక్తం త్రాగుతవి. రక్తం తగ్గితే నీరసం, తలనొప్పి, నాలుగడుగులు వేస్తే ఆయాసం, కనురెప్పలోపల తెల్లబాటు. మన రాష్ట్రంలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 58.8 శాతానికి రక్తహీనత వున్నది. అంటే నాట్లు వేసే బంతిలో పదిమంది వుంటే సుమారు ఆరుగురికి. అందరికీ కొంకి పురుగే కారణం కాదు. తిండిలో ఇనుము చాలకపోవడం, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, వెంటవెంట కాన్పులు కూడా కారణాలే. స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 కు, గర్భిణులకు 11 కు, మగవారికి 13 కు తగ్గితే రక్తహీనత అన్నమాట. పరీక్ష చేయడానికి ఒక్క రక్తపు చుక్క చాలు. నర్సమ్మగారు యిచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం బిళ్లలు టీతో వేసుకోవద్దు, టీ ఇనుమును ఒంటికి పట్టనీయదు. నిమ్మరసం, ఉసిరి మేలు చేస్తవి. పురుగుల బిళ్ల ఎప్పుడు వేయాలో వైద్యులను అడగండి, గర్భిణులు తమంత తాము వేసుకోరాదు. చెప్పులు వేసుకోవడం, మరుగుదొడ్డి వాడడం అన్నిటికంటె చవక మందు.

ఈ సందర్భంలో మన భీమవరం బిడ్డను ఒకరిని తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో పోయినారు. మనిషిని పీల్చి నీరసింపజేసి చంపే జబ్బు అది. ఆయన అమెరికా వెళ్లి, లెడర్లె ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించినారు. ఆ ప్రయోగశాలలోనే 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైనది. స్ప్రూకు అది మందు. నేడు నర్సమ్మగారి బిళ్లలో వున్నదీ అదే. అక్కడే 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. ఎలుక జ్వరానికీ స్క్రబ్ టైఫస్‌కూ వైద్యులు యిచ్చే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబపు మందే. ఒకనాడు కారణం తెలియక ఇంటికి ఇద్దరిని పోగొట్టుకొన్న నీరసానికి, కారణం తెలిసిన తరువాత బిళ్ల వచ్చినది. కారణం వెదకమని నేను పదేపదే చెప్పడం అందుకే.

మొదటి కుప్పలో చివరిది నీరు. మన సముద్రతీర గ్రామాలలో భూగర్భజలం ఉప్పన గనుక, కాలువనీటిని చెరువులో నింపుకొని త్రాగుతాము. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు చెరువు అడుగంటుతుంది. ఆ రోజులలో టైఫాయిడు, పచ్చకామెర్లు చూస్తాము. రెండింటికీ నీరసం ముందే వస్తుంది. ఆ నీరు తెర్ల కాచి చల్లార్చి త్రాగండి. పంచాయతీవారు క్లోరిను వేస్తున్నారో లేదో అడిగే హక్కు మీకున్నది.

ఇక రెండవ కుప్ప. ఇందులో పెద్దది పురుగుమందు. ఆర్గానోఫాస్ఫేటు జాతి మందులు పురుగు నరాలను ఏ విధంగా చెడగొడతవో, మన నరాలను కూడా ఆ విధంగానే చెడగొడతవి. ఒంట్లో నరాల పనిని అదుపులో పెట్టే ఒక పదార్థం వున్నది. మందు దానిని కట్టివేస్తుంది. తలనొప్పి, కళ్లు మసకలు, ఎక్కువ చెమట, నోటిలో నీరు వూరడం, కడుపులో తిప్పు, కనుపాప చిన్నదైపోవడం దాని గురుతులు. ముఖ్యమైన సంగతేమంటే, కట్టుబడిన ఆ పదార్థం మళ్లీ మామూలు స్థాయికి రావడానికి వారాలు పట్టవచ్చు. ఈవేళ కొంచెం, రేపు కొంచెం పీల్చితే లోటు పేరుకొంటుంది. తన చేనుకు నెలకొకసారి చల్లుకొనే రైతుకంటె, కూలికి రోజుకొక చేను చల్లే మనిషికి ప్రమాదం ఎక్కువ. డ్రోనుతో చల్లే చోట కూడా మందు కలిపే మనిషి చేతులు, ముక్కు మందు దగ్గరనే వుంటవి.

డబ్బా మీది ముక్కోణం చూడండి. ఎరుపు అతి విషము, పసుపు దాని తరువాతది, నీలం మధ్యరకం, ఆకుపచ్చ తక్కువ. తక్కువ అంటే లేదని కాదు. ఫోరేటు, ట్రైజోఫాస్, డైక్లోర్వాస్ మందులు 2020 డిసెంబరు 31నుండి మన దేశంలో నిషిద్ధము. పాత డబ్బా చావడిలో మిగిలివుంటే వాడవద్దు, రైతు సేవా కేంద్రంలో చెప్పండి. గాలికి ఎదురుగా చల్లవద్దు. మూసుకుపోయిన నాజిలును నోటితో వూదవద్దు. మధ్యలో చుట్ట, బీడీ, కిళ్లీ వద్దు. ఆ బట్టలు వేరుగా ఉతకాలి. ఉతికే ఇల్లాలికి కూడా తలనొప్పి వస్తుంటే కారణం ఆ బట్టలే కావచ్చు. ఒంట్లో బాగుండక ఆసుపత్రికి వెళ్లేటప్పుడు డబ్బానుగాని, దాని చీటీనిగాని తప్పక తీసుకువెళ్లండి.

మెట్టప్రాంతపు సోదరులకు, అంటే దేవరపల్లి, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం వైపు పొగాకు పండించేవారికి వేరే మాట చెప్పాలి. మంచుకు తడిసిన పచ్చాకు రెల్చేటప్పుడు నికోటిను చర్మంగుండా ఒంట్లోకి పోతుంది. కొద్ది గంటలలో తలనొప్పి, వికారం, వాంతులు, నిస్సత్తువ వస్తవి. సాధారణంగా ఒకటి రెండు రోజులకు తగ్గిపోతవి, మళ్లీ ఆకు పట్టుకొంటే మళ్లీ వస్తవి. ఆకు ఆరిన తరువాత రెల్చండి. పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు వాడండి. తడిసిన బట్టలు వెంటనే మార్చండి.

పొగ సంగతి కూడా చూడండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటిగాని, జెనరేటరుగాని వుంటే కార్బన్ మోనాక్సైడు అనే వాయువు చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కోడిపిల్లలకు వెచ్చదనానికి కుంపటి పెట్టి ఆ షెడ్డులోనే పడుకొనేవారు, చేపల చెరువు గట్టున ఇంజను గదిలో నిద్రపోయేవారు జాగ్రత్త. తెల్లవారి లేచేసరికి అందరికీ తలనొప్పి, బయట గాలికి రాగానే తగ్గుముఖం అయితే అనుమానం దానిమీదనే పెట్టుకోవాలి. అటువంటి గదిలో మరొక రాత్రి పడుకోవద్దు.

రోహిణీకార్తె ఎండలో చెమటతోబాటు ఉప్పు కూడా పోతుంది. దాహం వేయకముందే నీరు, ఉప్పు వేసిన మజ్జిగ త్రాగాలి. బరువు పనులు తెల్లవారుజామునకు మార్చుకోవాలి. ఎండలో మాట తడబడినా, స్పృహ తప్పినా నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి పంపాలి.

ఇవన్నీ చూచినా కారణం చిక్కని నీరసం కొందరికి వుంటుంది. జ్వరమేదో వచ్చి పోయిన తరువాత ఆరు నెలలు దాటినా ఓపిక రాదు. కాస్త పని చేసినందుకు మర్నాడు మంచమెక్కవలసి వస్తుంది. 1955లో లండనులోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఇట్లాంటి జబ్బు 292 మంది ఉద్యోగులకే వచ్చినది. 1970లో ఇద్దరు వైద్యులు, ఆ రోగులను చూడకుండానే పాత కాగితాలు చదివి, ఇదంతా మనసు కల్పన అని రాసినారు. 2015లో అమెరికాలోని నిపుణుల సంఘం ఇది ఒంటికి సంబంధించిన నిజమైన, తీవ్రమైన జబ్బని తేల్చినది. కరోనా తరువాత అటువంటివారిని మన ఊళ్లలోనూ చూస్తున్నాము. అటువంటి మనిషిని బలవంతాన పనికి తోలితే జబ్బు ముదురుతుంది. ఓపికను పొదుపుగా వాడుకోనివ్వాలి. పనిదొంగ అనే ముందు ఒకసారి పరీక్ష చేయించండి.

దుకాణపు బిళ్ల మాట కూడా చెప్పాలి. నొప్పి బిళ్లలు నెలలో 15 రోజులు, అంతకుమించి, నెలల తరబడి వేసుకొంటే ఆ బిళ్లలే తలనొప్పి తెచ్చిపెట్టగలవు. కొన్నిరకాలు మూత్రపిండాలకూ చెరుపు. పైగా లోపలి జబ్బును కప్పిపుచ్చుతవి. రక్తపోటు, చక్కెర, థైరాయిడు, కంటిచూపు లోపాలవల్ల కూడా నీరసం, తలనొప్పి వస్తవి గనుక అవి కూడా చూపించుకోండి.

కొన్ని గురుతులు కనబడితే తెల్లవారేదాకా ఆగరాదు. జ్వరంతో మెడ బిగిసినా, ఫిట్సు వచ్చినా, మాట తడబడినా, ఒక చెయ్యిగాని కాలుగాని పడిపోయినా, వున్నట్టుండి ఎన్నడూ ఎరుగనంత తలపోటు వచ్చినా, కళ్లు పచ్చబడి మూత్రం తగ్గినా, వెంటనే 108 కు చెప్పండి.

తోటి విస్తరణోద్యోగులకు ఒక మనవి. మీ డైరీలో ఒక పుట దీనికి కేటాయించండి. ఏ తేదీ, ఏ వీధి, ఏ పని, ఏ మందు, ఏ నీరు. ఒకే వారంలో మూడు నాలుగు ఇళ్లలో ఒకే తీరు తలనొప్పి, నీరసం వింటే ఆశా కార్యకర్తకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆనాడే తెలియజేయండి. కారణం ఇదేనని మనం తీర్పు చెప్పవద్దు. మనం చూచినది చూచినట్లు చెబితే చాలు, తేల్చడం వైద్యుల పని.

రైతు సోదరులారా, ఈవేళ రాత్రి భోజనాల దగ్గర ఇంటిల్లపాదినీ ఒక్కమాట అడగండి: ఒంట్లో ఎట్లా వున్నదని. ముఖ్యంగా ఎన్నడూ చెప్పని మనిషిని అడగండి. నీరసమంటే ఎప్పటినుండి, ఎక్కడ, ఇంకా ఎవరికి అని అడిగి, ఒక కాగితం మీద వ్రాసి, ఆ కాగితంతో వైద్యుని దగ్గరకు వెళ్లండి. పైరుకు చూపే శ్రద్ధలో కొంత, పైరు పండించే ఒంటికి కూడా చూపండి.